ఫోటోలో అవ్వ చెయ్యి

మా యింట్లో గోడకు ఒక పాత ఫోటో వేలాడుతూ వుంటుంది. 1958 ప్రాంతంలో ఆదోనిలో తీయించినది. అయిదేళ్ళవాణ్ణి నేను, కుర్చీమీద నిలబడి యేడవడానికి సిద్ధంగా వున్నాను. నా భుజంమీద ఒక చెయ్యి వుంది. మణికట్టూ, నాలుగు గాజులూ, అంతే. అక్కడితో ఫోటో అంచు వచ్చేసింది. ఆ చెయ్యి మా అవ్వది.

"ముసలిదాని మొగమెవరికి కావాలప్పా!" అని పక్కకు తప్పుకొన్నది. నేను పడతానేమోనన్న భయంకొద్దీ చెయ్యి మాత్రం తియ్యలేదు. ఫోటో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి తన పని కానిచ్చేశాడు. రెండడుగులు వెనక్కి జరిగి తీసివుంటే అవ్వ మొత్తం వచ్చేది. సినిమావాళ్ళ భాషలో చెప్పాలంటే, లాంగ్ షాట్ తీయవలసినచోట కాస్త దగ్గర షాట్ తీశాడన్నమాట.

ఈ షాట్ల సంగతి నాకు మొదట చెప్పింది అవ్వే. మాది ఎమ్మిగనూరు, మగ్గాల వూరు. పగలంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే మనిషి, మా వూరికి టూరింగు టాకీసులో 'మాయాబజార్' వచ్చిందంటే నన్ను చంకనేసుకొని నేల టిక్కెట్టుకు బయలుదేరింది. కె.వి. రెడ్డిగారు 1957లో తీసిన ఆ చిత్రానికి కెమేరా మార్కస్ బార్‌ట్లేగారిది. ఆ పేర్లు మాకేం తెలుసు! తెరనిండా సావిత్రి మొగం వచ్చేసరికి, "యేమిరా, మిగతా మనిషేదీ?" అన్నది అవ్వ. కాసేపటికి తనే, "దూరంగా వుంటే చీర చూస్తాము, దగ్గరికొస్తే కండ్లు చూస్తాము, అందుకే" అని సమాధానం చెప్పుకొన్నది. క్లోజప్పు గురించి తర్వాత నేను చదివిన పుస్తకాలు ఇంతకంటే పెద్దగా చెప్పలేదు.

అందులో ప్రియదర్శిని అనే పెట్టె వుంటుంది గదా! మూత తెరిస్తే, యెవరికి ప్రియమైనది వారికి కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడ్డాడు. తెరలో మరో చిన్న తెర. ఇంటికి వస్తూ, "ఆ పెట్టె నీకిస్తే యెవరు కనబడతార్రా?" అని అడిగింది. "లడ్డూలు" అన్నాను. ఘటోత్కచుడి భోజనం నా కళ్ళముందే వుంది మరి. అవ్వ పకపకా నవ్వింది. నీకెవరు కనబడతారని నేను తిరిగి అడగలేదు. ఆ రాత్రీ అడగలేదు, తర్వాతా అడగలేదు.

మొన్న మా మనవడు ఆ ఫోటో చూసి, "కంప్యూటరుతో మిగతాది పూర్తి చేయిస్తా తాతా" అన్నాడు. నిమిషంలో చేశాడు కూడా. చేతికి భుజం వచ్చింది, భుజానికి పట్టుచీర వచ్చింది, పైన చక్కని మొగం. మా ఆవిడ చూసి, "యెవరండీ ఈవిడ?" అన్నది.

"మా అవ్వ కాదు, తీసెయ్యి" అన్నాను.

"మరి యెలా వుండేదో చెప్పు, సరిచేస్తాను" అన్నాడు వాడు.

కళ్ళు మూసుకొన్నాను. గంజివాసన వచ్చింది. నవ్వు వినబడింది. ముక్కు యెలా వుండేదో, నుదురు యెంత వుండేదో యెంత ప్రయత్నించినా రాలేదు.

"గాజులు అయిదుండేవిరా," అన్నాను చివరకు. "ఫోటోకు పోతుంటే ఆదోని బస్సులో ఒకటి చిట్లిపోయింది."