గుడ్డిని గుడి అంటే తప్పే. ఉన్నాడుని ఉండాడు అంటే?

ఈ వారం మామిడి గురించి రాయడంలేదు. మన ఇండ్లలో పిలకాయలు గట్టిగా చదివేటప్పుడు మనం ఏం వినాల అనేదాని మీద నాలుగు మాటలు. కొంచెం పొడుగుంటది, సాయంత్రం పాలు పోసొచ్చినాక తీరిగ్గా చదవండి.

ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి 'అసర్' అనే సర్వే చేస్తా ఉండారు. బడికి కాదు, పల్లెల్లో ఇంటికే వచ్చి ఒక్కొక్క బిడ్డ చేత చదివిస్తారు. ముందు చిన్న పేరా ఇస్తారు. అది బాగా చదివితే కథ ఇస్తారు, చదవలేకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. 2022లో దేశం మొత్తంమీద ఐదో తరగతి పిలకాయల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినోళ్ళు 100కి 43 మంది కూడా లేరు. కాబట్టి బడుల్లో చదివించి చూస్తా ఉండారంటే మంచిదే. ఆ చూసేదాంట్లోనే నాకొక పేచీ ఉంది.

మా తమ్ముడి కూతురు మూడో తరగతి. బడిలో ఒక్కొక్కర్నే పిలిచి చదివించి, పాపకి 'చదవడంలో వెనకబడింది' అని రాసి పంపినారు. ఆ కాగితం చూసి మా మరదలు టౌనులో ప్రైవేటు బడికి మారుస్తానని పట్టుబట్టింది. తోతాపురికి రేటు లేని ఏడు, ఫీజుకి అప్పు చేయాల్సిందే. పాపయితే పుస్తకం ముట్టడమే మానేసింది.

ఆదివారం బతిమాలి అదే పేజీ చదివించినా. 'తాత చెట్టు కింద కూర్చున్నాడు' అని అచ్చులో ఉంటే, పాప 'తాత చెట్టు కింద కూసోనుండాడు' అని చదివింది. 'వాన వస్తున్నది' అనేదాన్ని 'వానొస్తా ఉండాది' అనింది. బడి లెక్కలో రెండూ తప్పులే. నా లెక్కలో ఆ రెండు చోట్లే పాప బాగా చదివింది. కండ్లతో చూసింది, అర్థం చేసుకునింది, ఇంట్లో మాట్లాడే మాటలో చెప్పింది. అర్థం కాని దాన్ని ఎవురన్నా అంత సరిగ్గా మార్చి చెప్పగలరా? అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ అనే ఆయన 1965లోనే ఈ సంగతి మీద పరిశోధన రాసినాడు. తప్పులు ఎన్ని అని కాదు, ఎట్టాంటివి అని చూడమన్నాడు.

అసలు తప్పు ఇంకో చోట ఉంది. 'గుడ్డి ఆవు'ని 'గుడి ఆవు' అని చదివి నిలబడకుండా ముందుకు పోయింది. ఒత్తు కనపడలేదు, అర్థం చెడింది, చెడిందని తెలియనూ లేదు. దాన్ని పట్టుకోవాల. ఇంకో ఒత్తు దగ్గర మాత్రం ముందు తప్పు చదివి, తనే వెనక్కి పోయి దిద్దుకునింది. దానికి టైము పడతది, కానీ మంచి గుర్తు. పాపకి కావాల్సింది ఒత్తుల సాధన. దానికోసం అప్పు చేసి బస్సు ఎక్కించే పనిలేదు.

బడికి పోయి మేడమ్‌తో మాట్లాడినా. ఆమె కాదనలేదు. "మీరు చెప్పేది నిజమే, కానీ ఫారంలో 'ఉండాది' రాసేదానికి గడి లేదండీ" అనింది. మరదలు ఈ ఏడాదికి ఆగింది. వచ్చే ఏడాది సంగతి నేను చెప్పలేను.

ఇంక వేగం. కేంద్రం 2021 జులై 5న నిపుణ్ భారత్ పెట్టింది. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాల అని లక్ష్యం. జనం 60ని పట్టుకోని 'అర్థంతో'ని వదిలేసినారు. పైగా మన మాటలు పొడుగు. 'వెళ్ళిపోతున్నాడు' మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో మూడు నాలుగు అవుతాయి. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లల్ని చదివించి చూసినప్పుడు ఏ భాషకి ఆ భాషకే కొలత పెట్టింది. పాల సెంటర్లో లీటర్లు ఒక్కటే చూసి డబ్బులిస్తే మనం ఊరుకుంటామా? ఫ్యాటు, ఎస్ఎన్ఎఫ్ అడగమా? మా వీధిలో ఒక పిలగాడు గడగడా చదివేస్తాడు. కథలో ఏమైంది రా అంటే బిక్కమొగం వేస్తాడు. వాడికి మార్కులు ఫుల్లు.

ఇంట్లో చూడాలనుకుంటే పాఠం పుస్తకం వద్దు, బట్టీ పట్టుంటారు. విత్తనాల ప్యాకెట్టు, బస్సు బోర్డు, పెండ్లి పత్రిక, ఏదన్నా కొత్తది ఇవ్వండి. వేలు ఏ మాట మీద ఉందో, నోరు ఏ మాట పలుకుతా ఉందో చూడండి. మధ్యలో అడ్డం పడొద్దండి, దిద్దుకునేదానికి టైమియ్యండి. కుప్పం, నగరి పక్క ఇంట్లో అరవం మాట్లాడే పిలకాయలుంటే ఇంకా ఓపిక పట్టాల. వాళ్ళు అర్థం అరవంలో చెప్పినా చెప్పినట్టే లెక్క.

చదువు రాని అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా ఈ పరీక్ష పెట్టొచ్చు. మా అమ్మకి అక్షరం రాదు. పాప చదవడం అయినాక "ఆవుకి ఏమైందంట మే?" అని అడగతా ఉంటది. మొన్న 'గుడి ఆవు' అన్నప్పుడు "గుళ్ళో ఆవా, దేవుడి ఆవా?" అని ఆమే ఆపింది. పాప మళ్ళీ పుస్తకంలోకి చూసి, "కాదవ్వా, గుడ్డిది" అనింది.