నుదుటి రాత పద్దులో రాసేసిన చావులు

సినిమా నటి ఎవరైనా ఆత్మహత్య చేసుకుందంటే మనవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి "నుదుటి రాత". రెండోది "ఆ రంగుల లోకమే అంత, చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత". మొదటిది నేరాన్ని దేవుడి మీదకి నెడుతుంది. రెండోది చచ్చిపోయిన మనిషి మీదకే నెడుతుంది. రెండింటిలోనూ మనం చెయ్యవలసిన పని ఏమీ మిగలదు. అందుకే అవి మనకి అంత ఇష్టం అనుకుంటాను.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఓచరు లేనిదే పద్దు రాయకూడదు, ఒక పద్దు ఖర్చుని ఇంకో పద్దులో చూపకూడదు - ఇవి మాకు మొదటి పాఠాలు. ఈ రెండు పాఠాలతోనే కొందరు నటీమణుల జీవితాలు చూద్దాం.

సిల్క్ స్మిత పేరు చెబితే మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో నా ఈడు మగవాళ్లు ఇప్పటికీ ముసిముసిగా నవ్వుతారు. ఆవిడ అసలు పేరు విజయలక్ష్మి. 1960 డిసెంబరు 2న ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టింది. పేదరికం వల్ల నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు, ఆ కాపురం నిలవలేదు. మద్రాసు చేరి నటీమణులకి టచప్ చేసే పనితో మొదలుపెట్టింది. 1980లో వచ్చిన తమిళ సినిమా 'వండిచక్కరం'లో వేసిన సిల్క్ పాత్ర పేరే ఆవిడ పేరై కూర్చుంది. ఆ తర్వాత నాలుగు వందలకి పైగా సినిమాలు. మరుసటి ఏడాదే భారతీరాజా తీసిన 'అలైగళ్ ఓయ్‌వదిల్లై'లో నిండు చీరతో ఇల్లాలి పాత్ర వేసి, తనకి నటన కూడా వచ్చని చూపించింది. మార్కెట్టు మాత్రం పాటకే పిలిచింది.

1996 సెప్టెంబరు 23న చెన్నైలో తన ఇంట్లో చనిపోయింది. అప్పటికి 35 ఏళ్లు. పోలీసులు ఆత్మహత్యగా చూశారు. సొంతంగా సినిమాలు తీసి నష్టపోయిందనీ, ప్రేమలో దెబ్బ తిన్నదనీ పత్రికలు రాశాయి. "పాపం పండింది" అన్నవాళ్లూ ఉన్నారు. ఇదెక్కడి న్యాయం? ఆ పాటలకి టిక్కెట్లు కొన్న మనకి పండని పాపం, కూలి తీసుకుని ఆడిన మనిషికి మాత్రం ఎందుకు పండింది? కర్మ సిద్ధాంతం దగ్గర దీనికి జవాబు లేదు.

ఆవిడ కన్నా ముందే వెళ్లిపోయిన ఇంకొకామె ఫటాఫట్ జయలక్ష్మి. బాలచందర్ తీసిన 'అంతులేని కథ' (1976) చూసినవాళ్లకి గుర్తుంటుంది. పాత్ర ఊతపదమే ఇంటిపేరులా అతుక్కుపోయింది. 1978లో రజనీకాంత్‌తో 'ముళ్ళుం మలరుం' చేసింది. 1980లో, ఇరవైల్లోనే, ఆత్మహత్య చేసుకుంది. ఈవేళ ఆమె గురించి వెతికితే నటన గురించి రెండు ముక్కలు, చావు గురించి ఇరవై పుకార్లు దొరుకుతాయి.

ఇక ఓచరు లేని పద్దు సంగతి. 'బొబ్బిలి రాజా' నాయిక దివ్యభారతి 1993 ఏప్రిల్ 5న బొంబాయిలో తన ఫ్లాటు నుంచి పడి చనిపోయింది. అప్పటికి 19 ఏళ్లు. పోలీసులు ప్రమాదమని తేల్చారు. అయినా ఆత్మహత్యనీ, హత్యనీ ముప్పై ఏళ్లుగా కథలు అల్లుతూనే ఉన్నాం. సాక్ష్యం లేని చోట ఊరుకోవడం కూడా హేతువాదమే కదా.

కొంచెం బయటికి చూద్దాం. 1978 నాటి 'సూపర్‌మాన్'లో లోయిస్ లేన్‌గా వేసిన మార్గట్ కిడర్ కెనడాలో పుట్టిన నటి. ఆవిడకి బైపోలార్ జబ్బు ఉండేది. దాన్ని దాచకుండా అందరి ముందూ మాట్లాడింది. 2018లో ఆవిడ చనిపోయినప్పుడు అది ఆత్మహత్యేనని అధికారులు తేల్చారు. నిజం బయటికి రావడం తనకి ఊరట అని కూతురు చెప్పింది. అక్కడా చావు ఆగలేదు, నిజమే. కానీ జబ్బుని జబ్బు పద్దులోనే రాశారు.

సినిమాలే ఆడవాళ్లని చంపుతున్నాయంటారా? ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ఆడవాళ్లు సుమారు 48 వేలు. ఆ ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులు! గృహిణుల సంఖ్యే ఎక్కువ కాబట్టి, సంసారం సినిమా కన్నా ప్రమాదమని ఈ అంకె చెప్పదు. కానీ రంగు వేసుకోకపోతే చాలు క్షేమం అన్న మాట మాత్రం నిలవదు.

కొన్నేళ్ల క్రితం మా వీధిలో ఒక తెలుగు కుటుంబంలో అమ్మాయి ప్రాణం తీసుకోబోయి బతికింది. తాతల కాలంలో రైల్వే వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. తండ్రి ముందు జాతకం పట్టుకుని తిరిగాడు, తర్వాత తాయెత్తు కట్టించాడు. "అన్నగారూ, దాని రాతే అంత" అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చివరికి భార్య పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. మందులు, మాటలు, కొన్ని నెలల ఓపిక. ఆ అమ్మాయి ఇప్పుడు పిల్లలకి పాఠాలు చెబుతోంది. నుదుటి రాతే అయితే మాత్రలకి ఎలా మారింది?

ఆత్మహత్యకి సాధారణంగా ఒక్కటే కారణం ఉండదు. అప్పు, అవమానం, ఒంటరితనం, కుంగుబాటు కలిసి వస్తాయి. వీటిలో చాలావాటికి మనిషి చెయ్యగల సాయం ఉంది. ప్రయత్నించి బతికినవాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడమనీ, వాళ్లకి చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అనీ 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. మనసు బాగోలేనివాళ్లు డబ్బు ఖర్చు లేకుండా 14416 నంబరుకి ఫోన్ చేసి మాట్లాడవచ్చు. టెలీ మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంట్లో ఎవరైనా "నాకు బతకాలని లేదు" అంటే పంచాంగం తియ్యకండి. పక్కన కూర్చుని అడగండి, వినండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఇక సిల్క్ స్మిత ప్రస్తావన వచ్చినప్పుడు నవ్వే మిత్రులకి ఒక మనవి: ఆవిడ చేసిన పనిని పనిగా లెక్కలో రాయండి. అది ఆవిడ కష్టార్జితం.