చెడిపోయిందా... అయితే బేరమాడదాం!

‘పొద్దున్నే ఎక్కడికి ప్రయాణం?’ అని ఎవరైనా అడిగితే ‘ఎర్రగడ్డకు’ అని చెప్పడానికి హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లు ఒక్కక్షణం తటపటాయిస్తారు. అక్కడి మానసిక వైద్యశాల మీద పుట్టిన జోకులు అలాంటివి. పాత స్టీరియోల మీద మోజున్నవాళ్లు మాత్రం ఆ నవ్వుల్ని పట్టించుకోరు. ఆదివారం ఎర్రగడ్డ రోడ్డు పక్కన పాత సామాన్ల సంత జరుగుతుంది మరి!

ఆ సంతకు అబ్దుల్లాపూర్‌మెట్ నగరానికి పూర్తిగా అటు కొస. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటాక వచ్చే ఈ ఊరు 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా హయత్‌నగర్ మండలంలోదే. ఇప్పుడు తనే మండల కేంద్రం. రామోజీ ఫిల్మ్‌సిటీ ఉన్నదీ ఈ మండలంలోనే. సినిమా వాళ్లకు పాతకాలం నాటి రేడియో కావాలంటే పై డబ్బా ఉంటే సరిపోతుంది, మోగనక్కర్లేదు. స్టీరియో ప్రియులకు అలా కుదరదు. డబ్బా సొట్టపోయినా సరే, మోగాలి!

ఊళ్లో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగితే అక్కణ్నుంచి మెట్రో. మియాపూర్ వెళ్లే రైలెక్కితే మధ్యలో మారే పనిలేకుండా ఎర్రగడ్డలో దించేస్తుంది. అమీర్‌పేట్ - ఎల్బీనగర్ మార్గం 2018 సెప్టెంబరులో మొదలయ్యాకే ఈ ప్రయాణం ఇంత తేలికైంది. తిరుగు ప్రయాణం సంగతి వేరు. మెట్రోలో లగేజీకి పరిమితులున్నాయి కాబట్టి పెద్ద సెట్టు దొరికితే ఆటోయే దిక్కు. ఆ పెద్ద సెట్టు ఎంత పెద్దదంటారా? జపాన్ కంపెనీ పయొనీర్ 1978లో తెచ్చిన ‘ఎస్‌ఎక్స్-1980’ బరువు సుమారు 35 కిలోలు. అంటే బియ్యం బస్తా కంటే ఎక్కువే!

రేడియో ట్యూనర్, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని స్టీరియో రిసీవర్ అంటారు. మన ఇళ్లలోకి ఇవి ఎక్కువగా సూట్‌కేసులతోపాటు వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవుల్లో తెచ్చినవి కొన్ని, అమెరికా నుంచి వచ్చినవి మరికొన్ని. ముందుగదిలో పూలగుడ్డ కప్పుకుని కొన్నేళ్లు వెలిగాయి. తరవాత ఒక పక్క స్పీకరు మూగబోయింది. అటకెక్కింది. ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లవాడి తక్కెడలోకి చేరింది.

అసలు పందెం మొదలయ్యేది అక్కడే. తూకానికి కొన్నవాడికి సెట్టులో కనిపించేవి రెండే... ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి, వేడిని పీల్చుకునే అల్యూమినియం దిమ్మ. సుత్తి దెబ్బ పడిందా, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. రాగి కోసం తీగల పైతొడుగును బహిరంగంగా తగలబెడితే వచ్చే పొగ విషం. ఈ-వేస్ట్ నిబంధనలు 2012 నుంచి అమల్లో ఉన్నాయి, కొత్తవి 2023 ఏప్రిల్‌లో వచ్చాయి. అయినా వీధి చివర ఆ పొగ వాసన తెలియనివాళ్లు తక్కువ. కాబట్టి తూకానికి వచ్చేదానికంటే వందో రెండొందలో ఎక్కువ ఇస్తామంటే అమ్మేవాడికీ లాభమే, సెట్టుకు ప్రాణం మిగులుతుంది.

సంతలో మాటలు ఇలా సాగుతాయి.

‘‘ఎంతకిస్తవన్నా?’’

‘‘మంచి మాలు సార్, నడుస్తది.’’

‘‘నడిస్తే నువ్వెందుకు అమ్ముతవ్?’’

చెడిపోయిందని ఇద్దరికీ తెలుసు. ఎంత చెడిందన్నదే బేరం. పైమూత ఊడదీయనిస్తే లోపల కాలిన వాసనుందా, ఇంతకుముందు ఎవరైనా చెయ్యిపెట్టారా అన్నది చూస్తారు. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టి ఉంటే దండం పెట్టి పక్కకు జరగడమే మేలు!

వెనకవైపు రాసున్న అక్షరాలు చదవడం ఇంకా ముఖ్యం. అమెరికా సెట్టు 120 వోల్టులది, జపాన్‌లో వాడుకకు చేసింది 100 వోల్టులది. ‘చూద్దాం’ అని మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే చూడ్డానికి పొగే మిగులుతుంది. గల్ఫ్ నుంచి వచ్చినవాటికి సాధారణంగా వోల్టేజీ మార్చే మీట ఉంటుంది. అది 127 మీదే ఉండిపోయిందేమో ముందు చూసుకోవాలి. జపాన్ సెట్టుతో ఇంకో తంటా. అక్కడి పాత సెట్లలో ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే. హైదరాబాద్ వివిధభారతి వచ్చేది 102.8లో! ఎంత బాగుచేసినా ఆ పాట అందులో వినపడదు. అమెరికా డిజిటల్ సెట్లలోనూ కొన్ని 102.7 నుంచి నేరుగా 102.9కి దూకుతాయి.

ఇంటికి తెచ్చాక తొందరపడితే అంతా పోయినట్టే. మెకానిక్కులు తరతరాలుగా వాడే చిట్కా సీరీస్ బల్బు. కరెంటు నేరుగా సెట్టుకు ఇవ్వకుండా మధ్యలో వంద వాట్ల బల్బు పెడతారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఊపిరి పీల్చుకోవచ్చు. భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల షార్టయినట్టు. దీనికి పాతకాలం ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఇప్పుడా బల్బు కోసమూ నాలుగు షాపులు తిరగాలి!

చాలా జబ్బులు చిన్నవే. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే లోపల దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. ఒక స్పీకరు వచ్చిపోతుంటే రిలే తుప్పుపట్టి ఉంటుంది. హమ్ వస్తుంటే ఎండిపోయిన కండెన్సర్లను అనుమానించాలి. అయితే పెద్ద కండెన్సర్లు ప్లగ్గు తీశాక కూడా కరెంటును దాచుకుంటాయి. వాటిని ఖాళీ చేశామని మీటరుతో నిర్ధారించుకోకుండా వేలు పెట్టకూడదు. పని నేర్చినవాళ్లు పక్కన లేకుండా పిల్లల్ని దీని దగ్గరికి అసలే రానివ్వొద్దు. చివరగా, స్పీకరు తగిలించే చోట మీటరు పెడితే డీసీ మిల్లీవోల్టుల్లోనే ఉండాలి. పదో ఇరవయ్యో వోల్టులు కనిపిస్తే స్పీకరు కాలిపోతుంది.

సామాన్లకు కోఠి గుజరాతీ గల్లీయే గతి. అదే మెట్రో దారిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి నడవచ్చు. సొంతంగా యాంప్లిఫయర్లు కట్టుకున్న తరానికి ‘4440 ఐసీ’, ‘2ఎన్3055’ అనే పేర్లు వింటేనే హుషారు. చిక్కల్లా ఎస్‌టీకే ఐసీలతోనే. ఎన్నో స్టీరియోలకు గుండెలాంటివి ఇవి. తయారీ ఆగిపోయిన రకాలకు నకిలీలు బోలెడు. పైన అక్షరాలు అచ్చుగుద్దినట్టే ఉంటాయి, వాల్యూమ్ పెంచగానే ఠప్! అందుకే కొందరు కొత్త ఐసీ కంటే మరో చచ్చిన సెట్టులోంచి ఊడదీసిన అసలుదాన్నే నమ్ముతారు.

బాగుపడని సెట్టూ వృథా కాదన్నమాట. దాని నాబ్‌లు ఒక డబ్బాలో, స్క్రూలు ఇంకో డబ్బాలో, ట్రాన్స్‌ఫార్మర్ మంచం కింద. ‘ఈ చెత్తంతా ఎప్పుడు తీస్తారు?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉంటారు. తీసేదెక్కడ... వచ్చే ఆదివారం దొరికేదానికి అందులో ఏ నాబ్ సరిపోతుందో ఎవరికి తెలుసు!