ఆరు వారాల సెలవు



పెళ్లయిన అమ్మాయి ఏ ఉద్యోగంలో ఉన్నా ఒక ప్రశ్న తప్పదు. "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" స్టాఫ్ రూములో అడుగుతారు, ఆటోలో అడుగుతారు, పీటీఎంలో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ కూడా అడుగుతారు. అడిగేవాళ్లది ప్రేమే. కానీ విశేషం ఉండి, పోయినప్పుడు ఏం చెప్పాలి? మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దంటారు పెద్దవాళ్లు. అసలు చెప్పని కబురు పోయిందని ఎవరికి చెప్పుకుంటాం?

రెండేళ్ల క్రితం నేను వేరే స్కూల్లో పనిచేసేదాన్ని. పదకొండో వారం స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. మర్నాడే క్లీనింగ్ చేశారు. డాక్టరమ్మ రెండు వారాలు రెస్ట్ రాసిచ్చారు. ఆ కాగితం స్కూలు ఆఫీసులో ఇస్తే, "మెటర్నిటీ లీవ్ అంటే బిడ్డ పుట్టాలి కదా మేడమ్" అన్నారు. మిగిలిన నాలుగు సీఎల్‌లూ, ఒక ఆదివారమూ కలిపి ఐదు రోజులు దొరికాయి. ఆరో రోజు క్లాసులో ఉన్నాను. అక్కడ టీచర్లకు క్లాసు గదిలో కుర్చీ ఉండదు. ఏడు పీరియడ్లు నిలబడే చెప్పాలి. మూడో పీరియడ్‌కే నడుము పట్టేసేది, బ్లీడింగ్ ఇంకా ఆగలేదు. పిల్లలు మాత్రం రోజూలాగే "గుడ్ మార్నింగ్ మేడమ్" అని పాట పాడినట్టు చెప్పేవాళ్లు. వాళ్లకేం తెలుసు?

మా అత్తయ్య పెద్దగా చదువుకోలేదు. కానీ ఆవిడే అన్నారు, "అబార్షన్ అంటే సగం కాన్పు కాదమ్మాయ్, అదీ కాన్పే. చెవుల్లో దూది పెట్టుకుని పడుకో" అని. బాలింతకు చేసినట్టే కారం తగ్గించి, వేడివేడిగా వండి పెట్టారు. మా వారు మిరపకాయల కమిషన్ కొట్లో లెక్కలు రాస్తారు. అది ఫిబ్రవరి, గుంటూరు యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు. ఆయనకు ఒక్క రోజు దొరికింది. ఆయనకు కూడా బిడ్డ పోయినట్టేనని ఎవరికీ తోచలేదు.

తర్వాత తెలిసింది, చట్టం మా అత్తయ్య వైపే ఉందని. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం 2025 దాకా గర్భస్రావమైన ఉద్యోగినికి ఆ మర్నాటి నుంచి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉండేది. డాక్టరు కాగితం లాంటి రుజువు చూపిస్తే సరిపోయేది. ఆరోగ్యం ఇంకా బాగుపడకపోతే పదో సెక్షన్ కింద మరో నెల దాకా ఇవ్వాల్సి ఉండేది. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది నాలుగో సెక్షన్. ఆ ఆరు వారాల్లో తెలిసి తెలిసి ఆమె చేత పని చేయించకూడదని యజమానికే నిషేధం పెట్టింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఆరు వారాలు ఉంచారు. మరి ప్రైవేట్ స్కూలు టీచర్ల సంగతి? కేరళ ప్రభుత్వం 2020లో ప్రైవేట్ విద్యాసంస్థల సిబ్బందిని ప్రత్యేకంగా ఈ చట్టం కిందకు తెచ్చింది. అంత స్పష్టంగా చెప్పాల్సిన అవసరం వచ్చిందంటేనే మన వృత్తిలో పరిస్థితి అర్థమవుతుంది.

మన చట్టంలో ఈ సెలవు తల్లికే, తండ్రి మాట లేదు. న్యూజిలాండ్ 2021లో గర్భం పోయిన తల్లికీ ఆమె భాగస్వామికీ కూడా మూడు రోజుల జీతంతో సంతాప సెలవు ఇచ్చింది. మూడు రోజులు తక్కువే, కాకపోతే దాన్ని "జబ్బు" అనకుండా "సంతాపం" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది.

నాకు ఐదు రోజులన్నా దొరికాయి. మిరపకోతకు కర్నూలు వైపు నుంచి ముఠాలుగా వచ్చి, చేలగట్ల మీదే గుడిసెలు వేసుకునే ఆడవాళ్లకు సెలవు అన్న మాటే లేదు. ఒక పూట కోతకు రాకపోతే ఆ పూట కూలి పోయినట్టే. పత్తి తీసేవాళ్లకూ, యార్డు చుట్టుపక్కల కూర్చుని తొడిమలు తీసేవాళ్లకూ అంతే. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థల కోసం రాసిన చట్టం చేను గట్టు దాకా రాదు. మాతృవందన పథకంలో గర్భం పోయిన స్త్రీకి మళ్లీ గర్భం వచ్చినప్పుడు కొత్తగా దరఖాస్తు చేసుకునే వీలుంది. అది డబ్బు సాయం, విశ్రాంతి కాదు. మీలో చాలామందికి పొలాలున్నాయి, జిన్నింగ్ మిల్లులున్నాయి, కోల్డ్ స్టోరేజీలున్నాయి, షాపులున్నాయి. మీ దగ్గర పనిచేసే అమ్మాయి నాలుగు రోజులు కనబడకపోతే మేస్త్రిని కాస్త మెల్లగా అడగండి.

ఇక మన స్కూలు సంగతి. ఈ ఏడాది మన బ్రాంచిలో ఒక టీచర్ ఆరు వారాలు సెలవులో ఉన్నారు. ఏ క్లాసో చెప్పను. ఇంతవరకు రాయడానికి ఆవిడే ఒప్పుకున్నారు. లీవ్ లెటర్‌లో కారణం రాయించలేదు, డాక్టరు కాగితం హెచ్‌ఎం మేడమ్ దగ్గరే ఉంది. సబ్‌స్టిట్యూట్ టీచర్‌ని పెట్టారు. మొదటి వారం వాట్సాప్ గ్రూపులో కొందరు పేరెంట్స్ "ఫీజు కట్టాం, రెగ్యులర్ టీచర్ ఎప్పుడొస్తారు?" అని అడిగారు. పిల్లల చదువు గురించి అడగడం మీ హక్కే, నేను కాదనను. సిలబస్ ఎంతయింది, స్లిప్ టెస్టులు ఎవరు దిద్దుతున్నారు, తప్పకుండా అడగండి. టీచర్ ఎందుకు రాలేదన్నది మాత్రం ఆవిడ చెబితేనే వినండి. ఆ గ్రూపులోనే ఒక అమ్మ, "మేడమ్‌ని నెమ్మదిగా రమ్మనండి, అప్పటిదాకా మా వాడికి డిక్టేషన్ నేను చెప్పిస్తాను" అని పెట్టారు. ఆవిడకు సంగతి తెలిసి అలా రాయలేదు. తర్వాత ఆ మెసేజ్ మా టీచర్‌కి చూపిస్తే చాలాసేపు ఫోను తిరిగి ఇవ్వలేదు.

ఆవిడ తిరిగొచ్చిన వారం మధ్యాహ్నం పీరియడ్లు మేం ముగ్గురం పంచుకున్నాం. అటెండర్ బాబాయి ఏమీ అడక్కుండానే లైబ్రరీ నుంచి ఒక కుర్చీ తెచ్చి ఆవిడ క్లాసులో వేశాడు. దాన్ని ఇప్పటికీ ఎవరూ తీయలేదు.