పెరట్లో తంగేడు, వాకిట్లో గునుగు

మన ఆడవాళ్లకు పూలమొక్కలంటే ఎంత ప్రాణమో చెప్పనక్కర్లేదు. గులాబీ కోసం నర్సరీ చుట్టూ తిరుగుతాం, చామంతి నారు కోసం పక్కింటావిడను బతిమాలుతాం. మరి తంగేడు మొక్క నాటినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? "అదేమన్నా నాటే మొక్కా! రోడ్డు పక్కన దానంతటదే పూస్తుంది కదా" అంటారా? అయితే ఒక్కసారి భాద్రపద మాసంలో మా పాలమూరు వైపు రండి. గద్వాలలో బస్సెక్కి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు దాకా వెళ్దాం. కిటికీ పక్క సీటు పట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.

గద్వాల అనగానే మీకు జరీ అంచు చీర గుర్తొస్తుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఊరు దాటగానే పత్తి చేలు మొదలవుతాయి. విత్తనపత్తికి పేరుపడ్డ నేల ఇది. చేల గట్ల మీద అక్కడక్కడ తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో వెండి కుచ్చుల్లా నిలబడ్డవే గునుగు పూలు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కుతాం. ఆంజనేయస్వామికి బస్సులోంచే దండం పెట్టుకుని, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరతాం. అక్కడినుంచి గోపాల్‌పేట దారి పట్టామంటే ఎర్రనేలలు, రాళ్లగుట్టలు. ఆ గుట్టల వాలులో పసుపు ఆరబోసినట్టు తంగేడు! 2016 అక్టోబరు దాకా ఈ మూడు ఊర్లూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాల కేంద్రాలు. పూలకు మాత్రం ఆ హద్దులు లేవు.

చూడటానికి ఇంత బాగుంది కదా, ఇక దిగులెందుకు అంటారేమో. నా పుట్టిల్లు నాగర్‌కర్నూలు దగ్గరే. మా చిన్నప్పుడు పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు గంపెడు పూలు ఇంటి వెనక చెలకలోనే దొరికేవి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లు వచ్చాక చాలాచోట్ల చెలకలు వరి మళ్లయ్యాయి. నీళ్లు రావడం మంచిదే. ఈ ప్రాంతం వాళ్లు బతుకుతెరువు కోసం ఎంత దూరం వలసపోయారో తెలిసినవాళ్లెవరూ కాదనరు. కానీ గునుగు పెరిగేది జొన్న, వేరుసెనగ వేసే మెట్టచేలల్లో. అవి తగ్గాయి. ఉన్న చేలల్లో కలుపుమందు కొడుతున్నారు. ఊరి పక్క బీళ్లు ప్లాట్లయ్యాయి, తంగేడు పొదలు పోయాయి. మా ఊళ్లో కూలికి పోయే ఒక పెద్దమ్మ అన్నమాట వినండి: "వానకాలమంత కలుపని పీకి పారేస్తిమి బిడ్డా, పండుగనాడు పూలకు బజారుకు పోతున్నం."

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. గౌరవం దక్కింది, సరే. దాన్ని బతికించే జాగా ఇక మన పెరడే అనిపిస్తుంది నాకు. ఇదేం కష్టమైన పని కాదు.

తంగేడు కాయలు ఎండి గోధుమరంగుకు తిరిగాక గింజలు తీసి పెట్టుకోండి. గింజ పెంకు గట్టిది. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. తొలకరి పడ్డాక నేలలోనే విత్తండి. దీని వేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెద్ద మొక్కను పీకి మార్చితే నాటుకోదు. చెట్టుకూ చెట్టుకూ నాలుగైదు అడుగుల ఎడం ఉండాలి. నీళ్లు నిలవకూడదు. మొదటి ఏడు పూయకపోయినా బెంగపడకండి. నాటుకున్నాక ఎండకు తట్టుకుంటుంది. పూత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

గునుగు గింజ నల్లగా, మిలమిలా మెరుస్తూ ఆవగింజకన్నా చిన్నగా ఉంటుంది. మృగశిర కార్తెలో మట్టి గుల్ల చేసి పైపైన చల్లి చేత్తో అదిమితే చాలు, లోతుగా పూడ్చకండి. లేత ఆకు పప్పులో వేసుకోవచ్చు. దసరా నాటికి పూలు. పక్కనే చేనుంటే మాత్రం గింజ రాలకముందే మొక్కలు కోసేయండి, రైతుకు అది కలుపే. తుమ్మి కూడా ఇలాగే చల్లుకోవచ్చు. వినాయక చవితికి తుమ్మికూర బజారులో వెతుక్కునే పని తప్పుతుంది.

మా బంధువుల్లో అమెరికాలో ఉన్నవాళ్లు చెప్పారు, అక్కడి చలి ప్రాంతాల అడవిపూల గింజలు చాలావరకు శీతకాలం గడిపితేగాని మొలవవట. అందుకని తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెడతారట. మన గింజకు ఆ బాధ లేదు. మన ఎండ, మన తొలివాన చాలు.

అడవిపూవని కనపడిందల్లా తెచ్చుకోకండి. ఎర్రగా, నిప్పులా పూసే అడవినాభి చాలా అందంగా ఉంటుంది, కానీ దుంప నుంచి గింజదాకా అంతా విషమే. పిల్లలున్న ఇంట్లో వద్దు. తెల్లపూల వయ్యారిభామ మన మొక్కే కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. చర్మానికి దురద పుట్టిస్తుంది. చేతులకు కవరు తొడుక్కుని పూతకు రాకముందే పీకేయండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మా నాగర్‌కర్నూలు జిల్లాలోదే. అక్కడినుంచి మొక్కలు, గింజలు తేవడం చట్టరీత్యా తప్పు. మీ పొలం గట్టు, తెలిసినవాళ్ల చెలక చాలు.

ఆఖరుగా ఒక మాట. సద్దుల బతుకమ్మ నాడు సిబ్బి నిండా పేర్చాలన్న ఉత్సాహంలో పెరట్లో పూలన్నీ కోసేస్తాం. రెండు గునుగు మొక్కలు, ఒక తంగేడు కొమ్మ కోయకుండా వదిలేయండి. దీపావళి దాటాక గునుగు కంకులు చేటలో దులిపితే గుప్పెడు గింజలు వస్తాయి. తంగేడు కాయలు ఎండటానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. బాగా ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి, మూత మీద పేరు రాసి పోపుల డబ్బా పక్కన పెట్టుకోండి. సంక్రాంతికి పుట్టింటికొచ్చిన కూతురికో, ఆడపడుచుకో కుంకుమ భరిణెతోపాటు ఒక పొట్లం కట్టివ్వండి.