ఒక రాత్రి... నాలుగు జతల కాళ్లు!

రాత్రి రెండు దాటింది. హాంకాంగ్‌లోని లయన్ రాక్ కొండ పక్కన సన్నటి బాట. కింద కౌలూన్ నగరం దీపావళి నాటి వీధిలా మెరిసిపోతోంది. ఆ ఎత్తైన భవనాల్లో ఎవరి పక్కల మీద వాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. పైన మాత్రం నుదుటికి దీపాలు కట్టుకున్న మనుషులు నలుగురేసి చొప్పున కుంటుకుంటూ వెళ్తున్నారు. అప్పటికే యాభై కిలోమీటర్లకు పైగా నడిచారు. ఇంకా దాదాపు అంత దూరమూ మిగిలే ఉంది. వీళ్లనెవరూ బలవంతం చేయలేదు. పైగా ఈ కష్టం కోసం బంధువులనీ స్నేహితులనీ బతిమాలి మరీ చందాలు పోగుచేశారు!

అదే ‘ట్రెయిల్‌వాకర్’. కొండదారిలో నూరు కిలోమీటర్లు, నలుగురు మనుషులు, 48 గంటల గడువు. వచ్చిన సొమ్మంతా పేదరికంపై పోరాడే పనులకు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే... అలిపిరి నుంచి తిరుమలకు నడకదారి సుమారు 9 కిలోమీటర్లు. అలాంటివి పదకొండు, ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో నిద్ర లేకుండా!

గూర్ఖాలు వేసిన అడుగు

ఈ నడకకు వేదికైన బాట పేరు మెక్లెహోస్ ట్రెయిల్. 1971 నుంచి 1982 వరకూ హాంకాంగ్ గవర్నరుగా ఉన్న ముర్రే మెక్లెహోస్‌కు కొండలెక్కడమంటే ఇష్టం. నగరం కాంక్రీటు అడవిగా మారుతున్న ఆ రోజుల్లో కొండలను కాపాడేందుకు 1976లో చట్టం వచ్చింది. 1979లో ఈ బాట తెరిచారు. తూర్పున సాయ్ కుంగ్ తీరం నుంచి పడమరన తువెన్ మున్ పట్టణం దాకా పది భాగాలు. ప్రతి అర కిలోమీటరుకూ ఒక అంకె రాయి. మొత్తం రెండు వందలు.

రెండేళ్లు తిరిగేసరికి, 1981లో, బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖా సైనికుల కన్ను దీనిమీద పడింది. నలుగురేసి జట్లుగా బాట మొత్తం ఏకబిగిన నడవడం వాళ్లకో శిక్షణ. నేపాల్ కొండల్లో పుట్టి పెరిగిన వాళ్లకది కష్టమేమీ కాదు. 1986లో మామూలు జనాన్నీ రానిచ్చారు. ఆక్స్‌ఫామ్ హాంకాంగ్ సంస్థ చేయి కలిపింది. గుమాస్తాలూ టీచర్లూ బ్యాంకు ఉద్యోగులూ సైనికుల పక్కన నిలబడి బూట్ల తాళ్లు కట్టుకున్నారు.

1997లో హాంకాంగ్ చైనాకు తిరిగి దక్కింది. గూర్ఖాలు బ్రిటన్‌కు తరలిపోయారు. బాట పెట్టినవాళ్లే వెళ్లిపోతే నడక ఆగిపోవాలి కదా! ఆగలేదు. హాంకాంగ్‌లో దాన్ని ఆక్స్‌ఫామ్ కొనసాగించింది. గూర్ఖాలు తమతోపాటు దాన్ని ఇంగ్లాండుకూ పట్టుకెళ్లి అక్కడి సౌత్ డౌన్స్ కొండల్లో మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. 2010ల్లో బెంగళూరు, ముంబయి పరిసరాల్లోనూ జరిగింది. ఒక్క హాంకాంగ్ నడకే ఇప్పటిదాకా 50 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా సమకూర్చింది. 2019లో నగరంలో అలజడి వల్ల రద్దయింది, ఆ తర్వాత కరోనా అడ్డుపడింది. అయినా మళ్లీ నిలదొక్కుకుంది.

పగలు సముద్రం... రాత్రి కొండ

పాతబాట మీద ఓ సగటు జట్టు వెనకే నడిచి చూద్దాం. నవంబరు నెల, శుక్రవారం ఉదయం. ఎండ మెత్తగా ఉంటుంది. మొదట హై ఐలండ్ జలాశయం గట్టు. పక్కనే ఎవరో చెక్కి నిలబెట్టినట్టు ఆరు పలకల రాతిస్తంభాలు. సుమారు 14 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం మిగిల్చిన గుర్తులవి. తర్వాత తెల్లటి ఇసుక తీరాలు. ఇక్కడ అందరూ హుషారే. ఫొటోలు, జోకులు, పాటలు!

మధ్యాహ్నం దాటేసరికి మాటలు తగ్గుతాయి. మెట్లు మొదలవుతాయి. ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే దిగడం మోకాళ్లను పరీక్షిస్తుంది. పొద్దుగూకేవేళకు మా ఆన్ షాన్ కొండ ఎదురవుతుంది. చెమటతో తడిసిన బనీనుకు చలిగాలి తగిలి ఒళ్లు వణుకుతుంది. మజిలీ దగ్గర జట్టువాళ్ల ఇంటిమనుషులో స్నేహితులో వేడివేడి నూడుల్సూ బియ్యపు జావా పట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆ జావ గొంతు దిగాక కూర్చున్నారో... అంతే సంగతులు! పట్టేసిన పిక్కలు మళ్లీ లేవనివ్వవు.

చీకట్లో లండన్ వీధులు

తెల్లవారుజామున ఆరో భాగం చివర్లో బాట పక్కన నేలలోకి దిగే కాంక్రీటు మెట్లు కనిపిస్తాయి. లోపల సొరంగాలు. వాటి గోడలపై రీజెంట్ స్ట్రీట్, పికడిల్లీ, చారింగ్ క్రాస్ అని పేర్లు. హాంకాంగ్ కొండల్లో లండన్ వీధులేమిటీ అనుకుంటున్నారా?

1930ల్లో బ్రిటిష్‌వాళ్లు జపాన్ దాడికి భయపడి ఈ కొండల వరసలో ఓ రక్షణ రేఖ కట్టారు. దాని పేరు జిన్ డ్రింకర్స్ లైన్. అందులో గట్టి స్థావరం ఇదే, షింగ్ మున్. సొరంగాల్లో దారి తప్పకుండా సైనికులకు తెలిసిన వీధుల పేర్లు పెట్టారు. 1941 డిసెంబరు 9 రాత్రి జపాన్ సేనలు చీకట్లో కొండెక్కి వచ్చాయి. అంత పెద్ద స్థావరాన్ని కాపాడేందుకు ఉన్నది కొద్దిమందే. కొన్ని గంటల్లోనే అది చేజారింది. ఈ రేఖను కాపాడటానికి నిలిచిన మూడు పదాతి దళాల్లో రెండు మన దేశానివే... ఒకటి రాజ్‌పుత్, ఒకటి పంజాబ్. ఆ క్రిస్మస్ నాడే హాంకాంగ్ లొంగిపోయింది.

నిద్ర ముంచుకొస్తున్నా ఇక్కడ చాలామంది ఓ క్షణం ఆగి దీపం లోపలికి వేసి చూస్తారు. అదే చీకటి, అదే కొండ. తమ వెనక తరుముకొచ్చేది పాదాల బొబ్బలే కానీ తూటాలు కాదు కదా అనిపిస్తే... నడవడానికి కాస్త బలం వస్తుంది.

ఒకరు ఆగిపోతే?

అక్కడి నుంచి సూదిలా నిలబడ్డ నీడిల్ హిల్. ఆపైన 957 మీటర్ల తాయ్ మో షాన్, హాంకాంగ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ. అసలు పరీక్ష మాత్రం ఎత్తు కాదు, నలుగురూ కలిసి సాగడం. ఒకరు పరుగెత్తగలిగినా లాభం లేదు. ప్రతి మజిలీకీ జట్టు కలిసే చేరాలి. వేగంగా నడిచేవాడు తగ్గాలి, వెనకబడ్డవాడు సాయం అడగడానికి సిగ్గుపడకూడదు. అతని సంచి ఇంకొకరు మోస్తారు. ఇంట్లో నలుగురం ఉంటే ఎలాగో... ఇక్కడా అలాగే!

కానీ కొన్నిసార్లు మోకాలు వాచిపోతుంది. నెలల తరబడి సాధన చేసి, తెలిసిన ప్రతి ఒక్కరి దగ్గరా చందా తీసుకుని, మధ్యలో ఆగిపోవడమంటే మామూలు బాధ కాదు. ‘ఇంకొంచెం నడుస్తా’ అని ఒకరు, ‘వద్దు, ఆగిపో’ అని ముగ్గురు. చివరికి మజిలీలో పేరు కొట్టించుకుని ఒకరు ఆగిపోతే మిగతా ముగ్గురు ముందుకెళ్తారు. ఆ విడిపోవడంలో కన్నీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉంటారు.

ఇంత కష్టమెందుకు, ఆ డబ్బేదో ఇంట్లో కూర్చునే ఇవ్వొచ్చుగా అంటారు కొందరు. ఇవ్వొచ్చు. కానీ నూరు కిలోమీటర్లు నడుస్తానన్న మనిషి అడిగితే జేబులోకి చెయ్యి వెళ్లినంత తేలిగ్గా ఉత్తినే అడిగితే వెళ్లదు. పైగా బిందెడు నీళ్ల కోసం, బడి కోసం రోజూ మైళ్లు నడిచేవాళ్ల సంగతి ఒక్క రాత్రయినా కాళ్లకు తెలుస్తుంది.

మెక్లెహోస్ బాట తువెన్ మున్‌లో ముగుస్తుంది. సేవానడక మాత్రం చాలా ఏళ్లపాటు చివర్లో పక్కకు తిరిగి యువెన్ లాంగ్ వైపు పూర్తయ్యేది. అక్కడ చూడాల్సింది ముందొచ్చిన జట్లను కాదు, ముగ్గురే మిగిలిన జట్లను. ఆగిపోయిన నాలుగో మనిషి వాచిన మోకాలితో కారులో వచ్చి, గీత పక్కన అరటిపళ్లు పట్టుకుని నిలబడి ఉంటాడు. నడిచొచ్చిన ముగ్గురూ ఫొటోకి నిలబడేముందు చేసే మొదటి పని... అతణ్ని మధ్యలోకి లాక్కోవడమే!

వెళ్లాలనుకుంటే...

నూరు కిలోమీటర్లూ నడవక్కర్లేదు. బాట ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, రుసుము లేదు. ఒక్కో భాగం ఒక్కో పగలు నడవొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. పిల్లలతో వెళ్లేవాళ్లకు రాతిస్తంభాల వైపున్న మొదటి భాగం మేలు. సాయ్ కుంగ్ పట్టణం నుంచి పాక్ తమ్ చుంగ్‌కు బస్సులున్నాయి. నీళ్లు సరిపడా తీసుకెళ్లాలి. ఆరో భాగంలో కోతుల బెడద ఎక్కువ... చేతిలో తినుబండారాలు కనిపించనివ్వకండి!