నొప్పి గోలీ

నొప్పి మన శరీరమునకు కావలివాడు. ఇంట దొంగ జొచ్చినప్పుడు కావలివాడు కేక వేసినట్లు, దేహమున ఎక్కడనైనను హాని కలిగినప్పుడు నొప్పి కేక వేయును. ఆ కేక విని లేచి, దీపము వెలిగించి, దొంగను వెదకువాడు బుద్ధిమంతుడు. కావలివాని నోట గుడ్డ కుక్కి మరల నిదురించువానిని ఏమందుము? నేడు మనలో పెక్కుమంది చేయుచున్నది ఈ రెండవ పనియే యని మాకు తోచుచున్నది. ఆ సంగతిని, మేము కన్నంతవరకును విన్నంతవరకును, చదువరుల ముందుంచ దలచితిమి.

మాది మేడ్చలు ప్రాంతము. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన నేల ఇది. ఇప్పుడు తోటలున్న చోటుల గోదాములును, కర్మాగారములును, మేడలును లేచినవి. నిజామాబాదు పోవు పెద్దబాట మేడ్చలు మీదుగను, కరీంనగరము పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేట చెరువు ప్రక్కగను సాగుచున్నవి. ఈ రెండు బాటల నడుమ ప్రతిదినము ఎన్ని నడుములు వంగుచున్నవో, ఎన్ని భుజములు బరువులు మోయుచున్నవో లెక్కింప నెవరి తరము? తాపీపనివారు, తోటలలో కలుపు తీయువారు, కోళ్ళఫారములలో పాటుపడువారు, లారీలు నడుపువారు, వీరందఱి నోట ప్రొద్దుగుంకు వేళకు వచ్చెడి మాట ఒక్కటే: నొప్పులు. వీరందఱి కాలు సాగెడి చోటును ఒక్కటే: మందుల దుకాణము. అచ్చట "నొప్పుల గోలీలు ఇయ్యుండ్రి" అన్న చాలును. వైద్యుని చీటీ యడుగువారు అరుదు. ఎఱ్ఱది యొకటి, తెల్లది యొకటి, పసుపుపచ్చనిది యొకటి కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితపు పొట్లములో వేసి యిత్తురు. వాని పేరులు ఇచ్చువాడు చెప్పడు, పుచ్చుకొనువాడు అడుగడు.

మా నాయనమ్మ కథయే ఇందుకు నిదర్శనము. నలువది యేండ్లు బురదలో వంగి నాట్లు వేయగా ఆమె మోకాళ్ళు అరిగిపోయినవి. ఉదయము చాయతో ఒక గోలీ, రాత్రి అన్నము తిన్న పిమ్మట ఒక గోలీ, ఈ విధముగా అయిదేండ్లు గడచెను. ఒకనాడు ఆమె పాదములు వాచినవి, ముఖము ఉబ్బినది. వైద్యుని యొద్దకు గొనిపోగా, మూత్రపిండములు చెడినవని ఆయన చెప్పెను. కారణమడిగితిమి. ఆయన ఓపికతో ఇట్లు వివరించెను: శరీరమున ప్రోస్టాగ్లాండినులను పదార్థములు కలవు. నొప్పిని, వాపును పెంచునవి అవియే. కాని కడుపులోని పొరను కాపాడునవియు, మూత్రపిండములకు నెత్తురు చక్కగా పారునట్లు చేయునవియు అవియే. ఈ గోలీలు ఆ పదార్థముల పుట్టుకనే అడ్డగించును. పదిదినములైన పరవాలేదు, ఏండ్ల తరబడి మ్రింగినచో శత్రువుపై విసరిన రాయి మిత్రునికి తగులును. ఇంటికి వచ్చిన పిమ్మట ఇక గోలీ కూడదని మేము నాయనమ్మకు చెప్పితిమి. ఆమె మా ముఖము చూచి, "గోలీ వద్దంటివి బిడ్డా, మరి ఈ నొప్పిని ఎవరు మోస్తరు?" అని యడిగెను. మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ ప్రశ్నయే మాచే ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

మందులను నిందించుట మా యుద్దేశము కాదు. నొప్పిని జయించు విద్యలో మన హైదరాబాదునకు గొప్ప చరిత్రయే కలదు. 1888 లోను, 1889 లోను ఈ నగరమున రెండు క్లోరోఫారము కమీషనులు జరిగినవి. డాక్టరు ఎడ్వర్డు లారీ గారు ఆ పరిశోధనకు పూనుకొనగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి ప్రభుత్వము ద్రవ్యసహాయము చేసెను. ఆ కాలముననే ఈ నగరమున వైద్యవిద్య నేర్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ గారు మత్తుమందు నిచ్చు వైద్యమున లోకమునందే తొలి స్త్రీలలో ఒకరుగా ప్రసిద్ధి గాంచిరి. కత్తి క్రింద రోగి కేకలు వేయకుండ నిదురించుట మానవజాతికి కలిగిన గొప్ప మేళ్ళలో ఒకటి యనుటకు సందేహము లేదు.

అయినను ఆ చరిత్రయందే మఱియొక పాఠము కలదు. రోగి శ్వాసను కనిపెట్టి యున్నచో క్లోరోఫారము వలన గుండెకు అపాయము లేదని ఆ కమీషను తీర్మానించెను. 1911 లో లీవీ యను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, కొద్దిపాటి క్లోరోఫారముచేతనే గుండె అకస్మాత్తుగా గతి తప్పి నిలిచిపోవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపెను. పండితులు అపాయము లేదని ప్రకటించిన మందునకే ఈ గతి పట్టినది. ఇది యొక్కటే కాదు. 1898 లో జర్మనీ దేశపు బేయరు కంపెనీ హెరాయినును దగ్గుమందుగా అమ్మెను. 1996 లో అమెరికాలో పర్డ్యూ యను కంపెనీ ఆక్సీకాంటిన్ అను నొప్పి మాత్రను బజారున పెట్టి, ఇది అంతగా అలవాటు కాదని ప్రచారము చేసెను. ఆ ప్రచారము దోషభూయిష్టమని 2007 లో ఆ కంపెనీ న్యాయస్థానమున ఒప్పుకొనెను. 2020 లో మరల నేరము నంగీకరించెను. మాత్రలతో మొదలైన యుపద్రవము పిమ్మట హెరాయినునకును, ఫెంటనిలునకును ప్రాకి, 2021 లో ఆ దేశమున మాదకద్రవ్యముల మోతాదు మించి లక్షమందికి పైగా మరణించిరి. ధనిక దేశమునకే ఇట్లయినచో, మనము జాగ్రత్తగా నుండవలదా?

మన దేశమున ఈ మందుల మరగుట వేఱొక రూపున వచ్చినది. అది కల్లు కుండలో దాగి వచ్చినది. మన ప్రాంతమున తాటికల్లు, ఈతకల్లు తరతరములుగా నున్నవి. గౌడ సోదరులు ప్రాణములకు తెగించి చెట్టెక్కి దించిన కల్లులో నీళ్ళును, మందును కలుపుటకు కారణమేమి? నగరము పెరిగినకొలది చెట్లు తరిగినవి. త్రాగువారు మాత్రము పెరిగిరి. ఆ లోటు పూడ్చుటకు కొందఱు వర్తకులు నీటిలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కొఱకు క్లోరల్ హైడ్రేటును, డయాజిపామును, ఆల్ప్రజోలామును చేర్చ మొదలిడిరి. ఇందు మొదటిది 1832 లో లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారు చేసినది. రెండవది 1963 లోను, మూడవది 1981 లోను అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. కడపటి రెండును ఆందోళనకును, నిదురలేమికిని వైద్యులు కొద్దికాలము మాత్రమే వ్రాసి యిచ్చు మందులు. కల్లు త్రాగితినని యనుకొన్న కూలివాడు నిజమునకు చీటీ లేని మందును, మోతాదు తెలియక, ప్రతిదినము త్రాగుచున్నాడన్నమాట.

ఈ మందులు మెదడును శాంతపఱచెడి గాబా యను పదార్థమునకు బలము చేకూర్చును. కొన్ని వారములకు మెదడు దానికి అలవాటుపడి, మునుపటి మోతాదు చాలదనును. అప్పుడు ఒక్కసారిగా మానినచో పట్టు విడిచిన విల్లువలె మెదడు ఎగసిపడును. చేతులు వణకును, నిదుర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును, ప్రాణమే పోవచ్చును. 2015 లో తెలంగాణమున కల్తీ కల్లుపై అధికారులు కట్టుదిట్టము చేసినప్పుడు నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో ఎందఱో ఈ లక్షణములతోనే ఆసుపత్రుల పాలైరి. మా వీధిలో ఒక తాపీమేస్త్రీకి ఇట్లే జరిగెను. కల్లు దొరకని మూడవనాడు ఆతడు గోడపై చీమలు ప్రాకుచున్నవని కేకలు వేసెను. గాలి సోకినదని ఇంటివారు దిష్టి తీయించిరి. రాత్రి మూర్ఛ రాగా మేమందఱము ఆటోలో ఆసుపత్రికి చేర్చితిమి. అచ్చటి వైద్యులు ఆ జాతి మందునే లెక్క ప్రకారమిచ్చి, వారము వారమునకు తగ్గించుచు రెండు నెలలకు మాన్పించిరి. ఆతడు నేడు మరల గోడ కట్టుచున్నాడు. విషమునకును, మందునకును భేదము లెక్కలోనే యున్నదని ఆనాడు తెలిసికొంటిమి.

అందఱి భాగ్యము అట్లుండదు. 2025 జూలైలో మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి. అనేకులు నిమ్సు మొదలగు ఆసుపత్రులలో చేరిరి. ఆ కల్లులో ఆల్ప్రజోలాము కలదని పరీక్షలలో తేలెను. ఆ యేడాది సెప్టెంబరులోనే, మేడ్చలునకు పోవు బాటలోని బోయినపల్లిలో, ఒక ప్రైవేటు పాఠశాల భవనముననే ఆల్ప్రజోలాము తయారు చేయుచుండగా ఈగిల్ దళమువారు పట్టుకొనిరి. పిల్లలు ఎక్కములు వల్లించెడి కప్పు క్రిందనే ఈ పని! విద్యార్థులమైన మనకు ఇంతకంటె సిగ్గును, భయమును కలిగించు వార్త వేఱొకటి యుండునా?

ఇందొక వింత కలదు. శామీర్‌పేట చెంతనున్న తుర్కపల్లి జీనోమ్ వ్యాలీనుండి టీకాలు, మందులు లోకమంతటికి పోవుచున్నవి. 2021 లో దేశము నాదుకొన్న కోవాక్సిను టీకా అచ్చటిదే. మన పాఠశాలలో చదివిన యన్నలు పెక్కుమంది అట్టి కర్మాగారములలో కొలువు చేయుచున్నారు. ఒకే రసాయనశాస్త్రము ఒకచోట ప్రాణము పోయుచున్నది, మఱియొకచోట తీయుచున్నది. రేపు ఆ గాజు పాత్రలు మన చేతికే వచ్చును. ఎక్కువ జీతమునకు ఆశపడి ఏ చాటు గదిలోనికి పిలిచినను పోమని నేడే నిశ్చయించుకొనవలెను.

మఱియొక వింత. అక్కఱలేనివారికి మందు కుప్పతెప్పలుగా దొరకుచుండగా, అక్కఱగలవారికి దొరకకపోవుట. మన దేశము అనుమతితో నల్లమందు పండించి పరదేశములకు పంపుచున్నను, కర్కటవ్యాధితో విలవిలలాడు రోగులకు దానినుండి తీయు మార్ఫీను దొరకుట చిరకాలము దుర్లభముగా నుండెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము విధించిన కఠిన నిబంధనలే అందుకు ముఖ్యకారణము. 2014 లో ఆ చట్టమును సవరించి ఇట్టి అవసరమైన మందులకు దారి సులభము చేసిరి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కర్కటవ్యాధి ఆసుపత్రిలో నొప్పి నివారణకే ప్రత్యేక వైద్యము కలదు. అచ్చట మార్ఫీనును కొలిచి యిత్తురు. రోగి ప్రక్కన కూర్చుండి మాటలాడుదురు. ఇంటివారికి సేవ నేర్పుదురు. నొప్పికి మందు ఒక భాగమే, మనుష్యుడు రెండవ భాగము.

నాయనమ్మ ప్రశ్నకు జవాబు ఇందే యున్నదని ఇప్పుడు మాకు తోచుచున్నది. కూలివానికి ఒకదినము విశ్రాంతి దొరకదు. వైద్యుని చూడబోయిన ఒకనాటి కూలి పోవును. గోలీ పది రూపాయలకు దొరకును. కనుక ఆతడు గోలీ కొనుచున్నాడు. ఇది ఆతని దుర్గుణము కాదు. ఒకరి నొప్పిని పదిమంది పంచుకొనని సంఘములో గోలీయే బంధువగును. అందుచే నిందతో మొదలుపెట్టక, పంచుకొనుటతో మొదలుపెట్టుదము. మా యింట ఇప్పుడు బిందెలు మేము మోయుచున్నాము. నాయనమ్మ మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడము మా చెల్లెలు పెట్టుచున్నది. వైద్యుడు చెప్పిన మందు తప్ప వేఱొకటి ఇంటికి రాదు. నొప్పి పోలేదు గాని, ఒంటరితనము పోయినది.

సోదర సోదరీమణులారా, మనము చేయదగిన పని యొకటి కలదు. మన పెద్దలలో పెక్కుమందికి అక్షరములు రావు, మనకు వచ్చును. ఇంటనున్న గోలీల అట్టలు తీసి చదువుడు. ఎఱ్ఱగీత యున్నచో అది చీటీ లేక కొనరాని మందు. ఎఱ్ఱని చదరములో హెచ్చరిక యున్నచో, 2014 మార్చి నుండి అమలులోనున్న హెచ్ 1 పట్టిక ప్రకారము, దుకాణదారుడు వైద్యుని పేరును, రోగి పేరును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెను. ఆల్ప్రజోలాము, డయాజిపాము, ట్రమడాలు ఆ పట్టికలోనివే. ఎవరైన మరగియున్నచో ఒక్కనాట మాన్పింపరాదు. వైద్యుని యొద్దకు గొనిపోవలెను. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. చదువు పరీక్షల కొఱకే కాదు. ఒక ముసలమ్మకు ఆమె మ్రింగుచున్న గోలీ పేరు చదివి చెప్పగలిగినచో, ఆ దినమున మన చదువు సార్థకము.